రక్షణ ప్రాజెక్టుల్లో మెకానికల్ పని: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పన్నెండేళ్లు పంపులు, గేర్‌బాక్సులు డిజైన్ చేసి ఈ మధ్యే ప్రభుత్వ రక్షణ ప్రాజెక్టులోకి మారాను. డ్రాయింగుల్లో లెక్క తప్పేమీ లేదు. అయినా రివ్యూలో తిప్పి పంపుతూనే ఉన్నారు. ఏం చూస్తున్నారు వాళ్లు?

జవాబు: డ్రాయింగ్ ఎంత బాగుందన్నది వాళ్లకి రెండో సంగతి. ఏ రిక్వైర్‌మెంట్ (కస్టమర్ రాసిచ్చిన అవసరం) కోసం గీశారు, అది నెరవేరిందని ఎలా చూపిస్తారు అన్నది మొదటిది. రివ్యూకి వెళ్లేముందే ఒక పట్టిక వేసుకోండి. రిక్వైర్‌మెంట్ నంబరు, రుజువు చేసే పద్ధతి (విశ్లేషణ, తనిఖీ, చేసి చూపించడం, పరీక్ష: ఈ నాలుగింట్లో ఏది), రుజువు ఉండే రిపోర్టు నంబరు. పద్ధతి గడి ఖాళీగా మిగిలిందంటే ఆ రిక్వైర్‌మెంటే సరిగా లేదని అర్థం. 'కవరు సులభంగా విప్పగలగాలి' అని ఉంటే ఒప్పుకోవద్దు. 'గ్లవ్స్ వేసుకున్న ఒక్క మనిషి, ఒకే పనిముట్టుతో, 10 నిమిషాల్లో విప్పగలగాలి' అని రాయించండి. అప్పుడు స్క్రూలు ఊడి కింద పడకుండా క్యాప్టివ్ రకం కావాలని, తలల చుట్టూ వేళ్లు పట్టేంత చోటు వదలాలని మీకే తెలుస్తుంది.

ఇక డ్రాయింగులో ఎక్కువగా దొరికిపోయేవి నోట్సు. ఉత్త 'అల్యూమినియం' అని రాస్తే చెల్లదు, 6061-టీ6 అని మిశ్రమలోహం నంబరు, టెంపర్‌ (గట్టిపరచిన స్థితి)తో సహా ఉండాలి. ఇచ్చిన కొలత పూతకి ముందుదా, తర్వాతిదా చెప్పాలి. 50 మైక్రాన్ల హార్డ్ అనోడైజింగ్‌లో (అల్యూమినియం మీద పెంచే గట్టి ఆక్సైడ్ పూత) సుమారు సగం లోహంలోకి దిగుతుంది, సగం పైకి పెరుగుతుంది. రెండు వైపులా 25 చొప్పున రంధ్రం వ్యాసం 50 మైక్రాన్లు తగ్గిపోతుంది. 10 మి.మీ. హెచ్7 (రంధ్రాలకి వాడే ఒక కొలత తరగతి) రంధ్రానికి ఉన్న టాలరెన్సే, అంటే ఒప్పుకునే తేడాయే, 15 మైక్రాన్లు. భాగాల్ని సరైన చోట నిలిపే డోవెల్ పిన్ను ఇంకెక్కడ దూరుతుంది? ఆ రంధ్రాన్ని మాస్క్ చేయమని (పూత పడకుండా మూయమని) నోటు పెట్టండి.

ప్రశ్న: మా ఎలక్ట్రానిక్స్ పెట్టె మిల్-స్టాండర్డ్ 810 (అమెరికా రక్షణ శాఖ పర్యావరణ పరీక్షల ప్రమాణం) ప్రకారం చేసే రాండమ్ వైబ్రేషన్ (చాలా పౌనఃపున్యాలు కలిసిన అదురు) పరీక్షలో ఆగిపోయింది. లోపలి బ్రాకెట్ వంపు దగ్గర పగిలింది, నాలుగైదు స్క్రూలు వదులయ్యాయి. రేకు మందం పెంచితే సరిపోతుందా?

జవాబు: తొందరపడకండి. మందం పెంచితే బ్రాకెట్ సహజ పౌనఃపున్యం (అది తనంతట తాను ఊగే వేగం) పైకి జరుగుతుంది. అది వెళ్లి లోపలి సర్క్యూట్ బోర్డు పౌనఃపున్యం పక్కనే కూర్చుంటే ఈసారి బోర్డు పోతుంది. ముందు, పరీక్షకి మునుపూ తర్వాతా తీసిన రెజొనెన్స్ సర్వే (ఏ పౌనఃపున్యంలో ఎంత ఊగుతుందో చూపేది) గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. శిఖరం ఎడమకి జరిగిందంటే ఎక్కడో బిగువు సడలింది, లేదా పగులు మొదలైంది. మునుపటి సర్వే తీయనే లేదంటే పగులు ఏ దశలో వచ్చిందో ఇక ఊహే.

తర్వాత మైల్స్ సూత్రంతో (రాండమ్ వైబ్రేషన్‌లో భాగం ఎంత ఊగుతుందో అంచనా వేసేది) ఒక చిన్న లెక్క. బ్రాకెట్ 200 హెర్ట్జ్‌లో ఊగుతోంది, క్యూ (అక్కడ ఊపు ఎన్ని రెట్లు పెరుగుతుందో) 10, అక్కడ ఇన్‌పుట్ 0.04 జి²/హెర్ట్జ్ (జి అంటే గురుత్వ త్వరణం) అనుకుందాం. π/2ని ఈ మూడింటితో గుణిస్తే 125.7, దాని వర్గమూలం 11.2 జి ఆర్‌ఎంఎస్. డిజైన్‌కి మూడు సిగ్మా, అంటే దానికి మూడు రెట్లు, తీసుకుంటే దాదాపు 34 జి. ఆ బలానికి వంపు దగ్గర ఒత్తిడి ఎంతో చూడండి, ఫెటీగ్ (పదేపదే ఊగి లోహం అలిసిపోవడం) లెక్క విడిగా చేయండి. బోర్డు పౌనఃపున్యం పెట్టెకి కనీసం రెట్టింపు ఉండాలన్న పాత నియమం ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

పగులు సరిగ్గా వంపు మీదే ఉందంటే మాకు ముందు లోహం మీదే అనుమానం. 6061-టీ6 రేకుని చిన్న రేడియస్‌తో వంచితే బయటి అంచున కంటికి కనపడని చీలికలు అప్పుడే పడతాయి. వంచే భాగానికి 5052-హెచ్32 వాడండి, లేదంటే దిమ్మె నుంచి మెషిన్ చేయించండి.

స్క్రూలు వదులవడానికి తరచు కనిపించే కారణం తల కింద ఉండిపోయిన పెయింట్. వైబ్రేషన్‌లో అది నలిగి పలచబడుతుంది, బిగువు పోతుంది. కూర్చునే చోట పెయింట్ రాకుండా మాస్క్ చేయించాలి. అల్యూమినియంలో నేరుగా మరలు తీయకుండా స్టీల్ థ్రెడ్ ఇన్సర్టులు వేయండి. లాకింగ్ రకమైతే అందులో స్క్రూ తిరగడానికే పట్టే టార్క్‌ని (తిప్పే బలాన్ని) ముందు కొలిచి, బిగించే టార్క్‌కి కలపాలి. అసెంబ్లీలో ఇది చాలామంది మరిచిపోతారు. థ్రెడ్ లాకర్ వాడితే, స్టెయిన్‌లెస్ మీద అది చాలా నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి యాక్టివేటర్ రాయాలి.

ఇంకో మాట. మాస్క్ చేసిన చోట లోహం బయటపడుతుంది, సాల్ట్ ఫాగ్ (ఉప్పునీటి తుంపర) పరీక్షలో తుప్పు తినేసే చోటు అదే. అలాగని అక్కడ అనోడైజ్ చేస్తే విద్యుత్తు పారదు, ఈఎంఐ (విద్యుదయస్కాంత జోక్యం) పరీక్షలో దెబ్బతింటారు. విద్యుత్తు పారే కెమికల్ కన్వర్షన్ పూత వేసి, బిగించాక అంచుల చుట్టూ సీలెంట్ పెట్టండి.

మార్చిన బ్రాకెట్‌ని పాత పెట్టెలోనే బిగించి మళ్లీ పరీక్షకి పెడితే, మిగతా భాగాల ఆయుష్షు అప్పటికే కొంత ఖర్చయిపోయి ఉంటుంది. కొత్త పెట్టెనా, పాతదానా, ఏ పరీక్షలు తిరిగి చేయాలి అన్నది ముందే కస్టమర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ప్రశ్న: సప్లయర్ 6061 బదులు 6082తో ఇరవై భాగాలు చేసి పంపాడు. బలం దాదాపు ఒకటే కదా, తీసుకోవచ్చా?

జవాబు: బలం ఒకటే అని మీరు నమ్మితే చాలదు. డ్రాయింగుకి తేడాగా ఉన్నదాన్ని ఒప్పుకోమని కస్టమర్‌ని అడగాలి: తయారీకి ముందు అడిగి ఉంటే డీవియేషన్ అయ్యేది, తయారయ్యాక కాబట్టి వేవర్. భాగాలు విడిగా పెట్టి ట్యాగ్ కట్టండి. మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (లోహం కరిగించిన విడత నంబరు), భాగాల మీది గుర్తులు కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే వేవర్ అడగడమే దండగ. కలిస్తే బలం, తుప్పు, పూత మూడింటి మీదా ఒక పేజీ విశ్లేషణ జతచేసి, ఈ ఇరవైకే పరిమితమని రాసి పంపండి. సప్లయర్ దగ్గర లోహం మారడానికి కారణం దొరికి, సరిచేశాక, ఏఎస్9102 (విమాన, రక్షణ రంగ ప్రమాణం) ప్రకారం ఫస్ట్ ఆర్టికల్ (మొదటి భాగం పూర్తి) తనిఖీ మళ్లీ అడగండి.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ఇదే పని. వివరాలు బయట చెప్పకూడదు. రెజ్యూమెలో ఏం రాయాలి?

జవాబు: వస్తువు గురించి కాదు, మీరు చేసిన పని గురించి రాయండి. వాహనం పేరు, దూరం, వేగం, బరువు, సంఖ్య వద్దు. 'సీల్ చేసిన అల్యూమినియం ఎన్‌క్లోజర్ల డిజైన్, ఫ్యాన్ లేని కూలింగ్, వైబ్రేషన్ అర్హత పరీక్షలు, టాలరెన్స్ స్టాక్' అంటే చదివే ఇంజినీరుకి చాలు. విడిగా రహస్యం కాని రెండు వివరాలు పక్కపక్కన పెడితే రహస్యం అయ్యే సందర్భాలుంటాయి. అందుకని పంపేముందు మీ సెక్యూరిటీ అధికారికి చూపించి, సరేనన్నది రాతలో తీసుకోండి. ఇంటర్వ్యూలో గుచ్చి అడిగితే 'అది చెప్పలేను, అదే రకం సమస్యని ఎలా విడదీస్తానో చెప్తాను' అని వైట్‌బోర్డు దగ్గరికి వెళ్లండి. పైన చెప్పిన 200 హెర్ట్జ్ లెక్క లాంటిది ఒకటి చేతిలో ఉంచుకోండి.