రెట్ట మీద ఫార్మలిన్ కొడితే బర్డ్ ఫ్లూ వైరస్ చస్తుందా?

ప్రశ్న: తణుకు దగ్గర 8 వేల లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లున్నాయి. 2025 ఫిబ్రవరిలో వేల్పూరులో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి టెన్షనే. కోళ్ల బోనుల కింద రెట్ట తీయకుండా దాని మీదే ఫార్మలిన్ (ఘాటైన క్రిమిసంహారక మందు) కొడుతున్నాం. చాలుతుందా? నీళ్లలో కాస్త కలిపి తాగించొచ్చా? – ఒక రైతు

జవాబు: తాగించే మాట మర్చిపోండి. కోళ్లుండగా కొట్టడం కూడా ఇవాళే ఆపండి, ఆ ఘాటుకు వాటి కళ్లు, గొంతు దెబ్బతింటాయి, మీవి కూడా.

ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర, దాని మీద మేకుల్లా హెచ్‌ఏ అనే ప్రొటీన్ ఉంటాయి. కోడి కణానికి తగులుకునేది ఆ మేకుతోనే, తగులుకున్నాక లోపలికి దూరాలంటే మేకు ఆకారం మార్చుకోవాలి. ఫార్మలిన్ అందులోని లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలను (ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి) పట్టుకుని ఒకదానికొకటి ముడేస్తుంది, ఇక మేకు కదల్లేదు. కానీ దానికి కావాల్సింది ప్రొటీన్, అంతే. అది వైరస్‌దా, రెట్టదా, మీ కోడి పేగుదా అని చూడదు. జానెడు మందాన ఉన్న రెట్ట మీద కొడితే ఫార్మలిన్ అంతా పైపైనే ఖర్చయిపోతుంది, అడుగున వైరస్ ఉంటే హాయిగా ఉంటుంది.

కిల్డ్ వ్యాక్సిన్ల (చంపిన వైరస్‌తో చేసే టీకాల) తయారీలోనూ ఇదే ఫార్మలిన్ వాడతారు, కాకపోతే చాలా కొలిచి: వైరస్ చావాలి, మేకు రూపు మాత్రం కోడి ఒళ్లు గుర్తుపట్టేంత మిగలాలి. అది ల్యాబ్ పని, షెడ్డులో అయ్యేది కాదు.

రెట్టను ముందు నీళ్లతో తడిపి (పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది) ఎత్తేయండి, సబ్బునీళ్లతో కడగండి. సబ్బుకు వైరస్ కొవ్వు పొర అక్కడే దెబ్బతింటుంది. ఆరాక బ్లీచింగ్ ద్రావణం కొట్టి కనీసం 10 నిమిషాలు తడిగా ఉంచండి. ఫార్మలిన్ ఖాళీ షెడ్డుకే, అదీ మాస్కు, గ్లవ్స్ వేసుకుని. రెండూ ఒకే ట్యాంకులో కలపొద్దు. గేటు దగ్గర ఫుట్‌బాత్ (కాళ్లు ముంచే మందునీళ్ల తొట్టి) కూడా ఓసారి చూడండి, పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి బురదనీళ్లయితే అందులో మందు లేనట్టే, మార్చాలి. బయట తిరిగొచ్చిన అట్ట ట్రేలు కడగలేం, లోపలికి రానివ్వొద్దు.

ఒక్కసారిగా కోళ్లు ఎక్కువగా చచ్చిపోతే మాత్రం కడగడాలు పక్కన పెట్టి పశువైద్యాధికారికి ఫోన్ చేయండి, ఆయన వచ్చేదాకా కోడి, గుడ్డు, రెట్ట ఏదీ గేటు దాటకూడదు.