అమెరికా భవనాల మీది రాతి శిల్పాలు ఎవరు చెక్కారు? పిచిరిల్లి అన్నదమ్ముల కథ

"న్యూయార్క్, వాషింగ్టన్‌లలో వందేళ్ళ నాటి భవనాల మీద అన్ని శిల్పాలు ఉంటాయి కదా, అవి చెక్కింది అక్కడివాళ్ళేనా? బయటి నుంచి వలస వచ్చినవాళ్ళైతే వాళ్ళకి పేరు, డబ్బు దక్కాయా?" అని అడిగారు.

చెక్కినవాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళే, అందులోనూ ఇటలీ వాళ్ళు ఎక్కువ. గట్టి పనివాళ్ళకి డబ్బు బాగానే వచ్చింది. పేరు సంగతే కొంచెం వివరంగా చెప్పాలి.

నేను న్యూయార్క్‌లో సివిల్ ఇంజనీర్‌ని. ఇక్కడ ఆరంతస్తులు దాటిన ప్రతి భవనానికీ ఐదేళ్ళకోసారి బయటి గోడల తనిఖీ తప్పనిసరి. రాయి ముక్క ఊడి నడిచేవాళ్ళ నెత్తిన పడకూడదని ఆ రూలు. ఆ పని మీద పరంజాలు ఎక్కుతుంటాను కాబట్టి, కింద నుంచి అందరూ తలెత్తి చూసే బొమ్మలు నాకు చేతికందే దూరంలో కనిపిస్తాయి. వీధిలోంచి కనిపించని పక్కన ఉలి గాట్లు అలాగే వదిలేసి ఉంటాయి. కనిపించే పక్కన మాత్రం కళ్ళ గుంటలు, బట్ట మడతలు మామూలు కంటే బాగా లోతుగా తవ్వి ఉంటాయి. అంత ఎత్తులో నీడ గట్టిగా పడితేనే కింద ఉన్నవాడికి ముఖం ముఖంలా కనిపిస్తుంది. మాది ఆళ్ళగడ్డ దగ్గర ఊరు. రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే షెడ్లు చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకేనేమో "దీన్ని చెక్కిన చెయ్యి ఎవరిది" అన్న ప్రశ్న నన్ను వదలదు. అలా వెతుకుతూ పోతే ఎక్కువసార్లు తగిలిన పేరు పిచిరిల్లి.

తండ్రి జుసెప్పె పిచిరిల్లి. ఇటలీలో చలువరాతి గనులకు పేరుపడ్డ కరారా పక్కనే ఉన్న మాస్సా ఊరివాడు, రాతిపని కుటుంబం. 1888లో న్యూయార్క్ వచ్చారు. ఆరుగురు కొడుకులు: ఫెరూచో, అట్టీలియో, ఫూరియో, తొమ్మాసో, ఒరాజియో, జెతూలియో. అందరూ ఉలి పట్టినవాళ్ళే. అట్టీలియో రోమ్‌లో శిల్పం చదువుకున్నాడు కూడా. మొదట మాన్‌హట్టన్‌లో పని చేసి, తర్వాత బ్రాంక్స్‌లో 142వ వీధిలో పెద్ద కార్ఖానా పెట్టారు. వాళ్ళు వచ్చిన సమయం కూడా కలిసొచ్చింది. అప్పుడు అమెరికా లైబ్రరీలు, కోర్టులు, బ్యాంకులు గ్రీకు, రోమన్ పద్ధతిలో వరసపెట్టి కడుతోంది. వాటికి రాతి బొమ్మలు కావాలి. అంత పెద్ద రాళ్ళని చెక్కగలిగిన పనివాళ్ళు అక్కడ కొద్దిమందే.

ఆ రోజుల్లో పని ఎలా నడిచేదో తెలియకపోతే ఈ పేరు గొడవ అర్థం కాదు. 'శిల్పి' అని పేరు వేసుకునే ఆయన మట్టితో నమూనా చేస్తాడు. దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. ఆ అచ్చు కార్ఖానాకి వస్తుంది. పాయింటింగ్ మెషీన్ అని ఒక చట్రం ఉంటుంది, దానికి కదిలే సూది. నమూనా మీద ఒక చోట సూది ఎంత లోతుకి పోయిందో కొలిచి, రాతిలో అదే చోట అంత లోతుకి రంధ్రం వేస్తారు. ఇలా వందల చుక్కలు పెట్టుకుని మధ్య రాయి కొట్టేస్తారు. నమూనా చిన్నదైతే కొలతలన్నీ అదే లెక్కన పెంచాలి. యంత్రం చేసే పని అంతవరకే. ఆఖరి పొర, అంటే చర్మం మెత్తదనం, వేలి కణుపు, కనురెప్ప అంచు, ఇవన్నీ చెక్కేవాడి చేతిలోనే ఉంటాయి. నన్నడిగితే దీన్ని 'కాపీ కొట్టడం' అనేవాళ్ళు ఒక్కసారైనా ఉలి పట్టి చూడాలి.

వాషింగ్టన్‌లో కూర్చున్న లింకన్ విగ్రహం తీసుకోండి. రూపకల్పన డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్‌ది. చెక్కింది పిచిరిల్లి కార్ఖానా. ఎత్తు 19 అడుగులు, జార్జియా రాష్ట్రపు తెల్ల చలువరాయి, మొత్తం 28 దిమ్మలు. బ్రాంక్స్‌లో విడివిడిగా చెక్కి, వాషింగ్టన్ తీసుకెళ్ళి పేర్చారు. అతుకులు వెతికి పట్టుకోవాలి తప్ప మామూలుగా కంటికి ఆనవు. 1922 మే 30న ప్రారంభించారు. గైడ్లు ఫ్రెంచ్ పేరే చెబుతారు. ఆన్‌లైన్‌లో కొందరు "పిచిరిల్లి వాళ్ళ విగ్రహాన్ని ఫ్రెంచ్ కొట్టేశాడు" అని రాస్తారు, అది అతి. ఆలోచన, భంగిమ, ముఖంలోని ఆ భావం ఆయనవే. రాతి మీద చివరి మెరుగులు కూడా ఆయన స్వయంగా దిద్దాడు. తన పనులు వీళ్ళ చేతికే మళ్ళీ మళ్ళీ ఇచ్చాడంటే వాళ్ళ విలువ తెలిసినవాడే.

డబ్బు లెక్క ఎలా ఉండేదో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ముందున్న రెండు సింహాలు చెబుతాయి. నమూనా చేసినందుకు ఎడ్వర్డ్ క్లార్క్ పాటర్‌కి 8,000 డాలర్లు, టెనెసీ గులాబీ రంగు చలువరాతిలో చెక్కినందుకు పిచిరిల్లి సోదరులకి 5,000. కార్ఖానాలో కూలీలకు ఇచ్చేది కూడా ఆ ఐదు వేలలోంచే కదా. అన్యాయం అనను, కానీ నమూనాకి, చెక్కడానికి అప్పట్లో ఎలా ధర కట్టారో తెలుస్తుంది. 1911 నుంచి ఆ సింహాలు అక్కడే ఉన్నాయి.

నా వృత్తివాళ్ళకి బాగా నచ్చేది న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ కథ. 1904లో ఆ భవనం నుదుటి మీద త్రికోణంలో పెట్టిన బొమ్మల నమూనాలు వార్డ్, బార్ట్‌లెట్ అనే శిల్పులవి, చెక్కడం వీళ్ళది. నగరపు పొగకి రాయి దెబ్బతింది, బరువు కూడా భయపెట్టింది. 1936లో వాటిని తీసేసి, సీసం పూత పూసిన రాగి రేకుతో అచ్చం అలాంటివే పెట్టారు. ఆ సంగతి చాలాకాలం బయటికి పొక్కనివ్వలేదు. డబ్బు సంస్థ కదా, గోడలు కూడా గట్టివి కావంటే జనం ఏమనుకుంటారోనని టెన్షన్ పడి ఉంటారు!

ఇకపోతే సొంత పేరు. అన్నదమ్ములలో అది ఎక్కువగా దక్కింది అట్టీలియోకి. కొలంబస్ సర్కిల్ దగ్గర సెంట్రల్ పార్క్ మూలన ఉన్న మెయిన్ స్మారకం (1913) ఆయనదే. హవానా రేవులో పేలిపోయిన యుద్ధనౌక 'మెయిన్' కోసం కట్టింది. పైన బంగారు పూతతో మెరిసే కంచు బొమ్మలకి ఆ ఓడ ఫిరంగుల లోహమే వాడారు. రివర్‌సైడ్ డ్రైవ్‌లో అగ్నిమాపక సిబ్బంది స్మారకం కూడా ఆయన చేసిందే. 1923లో కూలిపనులు చేసుకునేవాళ్ళు కూడా చదువుకోగలిగేలా లియొనార్డో డావిన్సీ ఆర్ట్ స్కూల్ పెట్టడంలో ముందున్నాడు. తర్వాత ప్రపంచమంతా తెలిసిన శిల్పి ఇసాము నొగూచి మొదట్లో చదివింది అక్కడే.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది రాక్‌ఫెల్లర్ సెంటర్ ఘట్టం. 1935 ప్రాంతంలో ఇటలీ పేరు మీదున్న భవనం గుమ్మం పైన పైరెక్స్ గాజు దిమ్మలతో పెద్ద శిల్పం చేశాడు. పారతో తవ్వుతున్న మనిషి, పక్కన "కళే శ్రమ, శ్రమే కళ" అనే అర్థం వచ్చే ఇటాలియన్ మాటలు. "ఎప్పుడూ ముందుకే, నిత్య యవ్వనమా" అన్న ఇంకో మాట కూడా ఉంది, అది ఇటలీ నియంత ముస్సోలినీ నినాదాల వాసన కొట్టింది. 1941లో దాన్ని పలకలతో మూసేశారు, తర్వాత తీసేశారు. అప్పటికి ఆయన అమెరికా వచ్చి యాభై ఏళ్ళు దాటింది. పుట్టిన దేశంతో యుద్ధం వస్తే, ఉంటున్న దేశంలో ముందు అనుమానం పడేది వలస వచ్చినవాడి మీదే. ఇక్కడ వీసా మీద బతికే మనవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1945లో అట్టీలియో చనిపోయాక కార్ఖానా మూతపడింది. ఆయన లేకపోవడం ఒక్కటే కారణం కాదు. 1924 వలస చట్టం ఇటలీ నుంచి వచ్చే కొత్త చేతుల్ని దాదాపు ఆపేసింది. 1929 తర్వాత ఆర్థిక మాంద్యం. ఆ తర్వాత గాజు, ఉక్కు భవనాల కాలం వచ్చింది, వాటి మీద బొమ్మకి చోటే లేదు. ఇప్పుడు ఆ కార్ఖానా లేదు, 142వ వీధిలో ఒక ముక్కకి మాత్రం పిచిరిల్లి ప్లేస్ అని పేరు పెట్టారు.

న్యూయార్క్ వచ్చినప్పుడు చూడాలనుకుంటే ఫిఫ్త్ ఎవెన్యూ మీద నడవండి. 42వ వీధి దగ్గర సింహాలు. అక్కడి నుంచి ఉత్తరంగా రాక్‌ఫెల్లర్ సెంటర్ ఇంటర్నేషనల్ బిల్డింగ్ దగ్గరికి వెళ్తే, 636 నంబరు గుమ్మం పైన అట్టీలియో చేసిన ఇంకో గాజు శిల్పం ఇప్పటికీ ఉంది. తీసేసిన దానికి జోడీ లాంటిది. టికెట్ అక్కర్లేదు, తలెత్తితే చాలు. ఓపిక ఉంటే అదే రోజు కొలంబస్ సర్కిల్ కూడా చూసేయొచ్చు.