గుహలోని రాయి, కంప్యూటర్‌లోని వాతావరణం: మా అమ్మాయి ఈ దారిలో వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. గుహల్లో పెరిగే సున్నపు రాళ్లను బట్టి వేల ఏళ్ల నాటి వానలు తెలుసుకోవచ్చని, వాటితో వాతావరణ మోడళ్లను పరీక్షించే పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. ఎమ్మెస్సీకి జియాలజీకి మారాలా, ఫిజిక్స్‌లోనే ఉండాలా? చదివాక ఉద్యోగం దొరుకుతుందా? గుహల్లో దిగడం ప్రమాదం కాదా? – ఒక తల్లి

జవాబు:

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ఫిజిక్స్ వదలనక్కర్లేదు. ఉద్యోగాలు ఉన్నాయి గానీ తక్కువ. అందుకని మజిలీ మజిలీకి ఆగి చూసుకుంటూ వెళ్లాలి. గుహల సంగతి చివర్లో చెబుతాను. అయితే ఈ జవాబులు మీకు నమ్మకం కలిగించాలంటే అసలు అక్కడ చేసే పని ఏమిటో మీ ఇద్దరికీ తెలియాలి.

వాన నీరు మట్టిలోకి ఇంకేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. కింది సున్నపురాయిని కరిగించుకుంటూ గుహ పైకప్పుకు చేరి చుక్కలుగా రాలుతుంది. గుహ గాలిలోకి రాగానే చుక్కలోని వాయువు బయటికి పోతుంది, కరిగిన సున్నం కాల్సైట్‌గా పేరుకుంటుంది. పైనుంచి వేలాడేది స్టాలక్టైట్, నేల మీద నుంచి పైకి పెరిగేది స్టాలగ్మైట్. పొరలు ఒకదాని మీద ఒకటి వరసగా ఉంటాయి కాబట్టి పరిశోధకులు ఎక్కువగా రెండోదాన్నే ఎంచుకుంటారు. ఏడాదికి పెరిగేది సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతు నుంచి పదో వంతు దాకా. అంటే మీటరు పొడవున్న రాయిలో పదివేల ఏళ్ల నుంచి లక్ష ఏళ్ల వరకు చరిత్ర ఉండొచ్చు.

ఆ రాయిని నిలువునా కోసి, నునుపు చేసి, మధ్య గీత వెంబడి సన్నటి డ్రిల్‌తో చిటికెడు కన్నా తక్కువ పొడి తీస్తారు. కొంత పొడి వయసు లెక్కకు, కొంత ఆక్సిజన్ లెక్కకు. వయసు లెక్క ఎలా అంటే, నీటిలో యురేనియం కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. అందుచేత కొత్తగా ఏర్పడిన పొరలో యురేనియం ఉంటుంది, థోరియం ఉండదు. కాలం గడిచేకొద్దీ యురేనియం-234 క్షీణించి థోరియం-230 అవుతుంది. రెండింటి నిష్పత్తి కొలిస్తే పొర వయసు తెలుస్తుంది. ఈ పద్ధతి దాదాపు ఆరు లక్షల ఏళ్ల దాకా పనిచేస్తుంది. గుహలోకి కొట్టుకొచ్చిన బంకమట్టి రాయిలో కలిస్తే దానితోపాటు బయటి థోరియం కూడా వచ్చేస్తుంది, వయసు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అది ఎంత కలిసిందో, బయటి మట్టితోనే వచ్చే మరో రకం థోరియం అయిన థోరియం-232ను చూసి అంచనా కట్టి తీసేయాలి. శుభ్రమైన ల్యాబ్‌లో ఆమ్లాలతో పొడిని కరిగించి, యురేనియాన్నీ థోరియాన్నీ వేరు చేసి, పరమాణువులను బరువును బట్టి వేరు చేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎక్కించేసరికి రోజులు పడుతుంది. అంతా చేసినా కొన్ని నమూనాలు పనికిరావు. మీ అమ్మాయికి ఈ భాగం గురించి చదివినప్పుడు ఉత్సాహం వచ్చిందా, విసుగు వచ్చిందా, ఒకసారి అడగండి. ఆ జవాబు నాకు మార్కుల జాబితా కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక ఆక్సిజన్. నీటిలో ఎక్కువగా ఆక్సిజన్-16 ఉంటుంది, కొద్దిగా బరువైన ఆక్సిజన్-18 ఉంటుంది. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న ఇలాంటి రకాలను ఐసోటోపులంటారు. ఉష్ణమండలంలో వాన గట్టిగా పడే చోట నీటిలో బరువైన ఆక్సిజన్ వాటా తగ్గుతుంది. ఆ తేడా కాల్సైట్ పొరలో నిలిచిపోతుంది. వినడానికి తేలిక. కానీ ఆ వాటాను మార్చేవి ఇంకా చాలా ఉన్నాయి: ఆవిరి ఏ సముద్రం నుంచి వచ్చింది, దారిలో ఎంత వాన కురిసింది, గుహలో వేడి ఎంత, చుక్క ఎంతసేపు వేలాడింది. రాయి ఒక్క సంఖ్యే ఇస్తుంది, దాని వెనక కారణాలు అనేకం. మోడళ్ల అవసరం ఇక్కడే వస్తుంది.

వాతావరణ మోడల్ అంటే గాలి, సముద్రం, మంచు, నేల పాటించే భౌతిక సూత్రాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రామ్. ప్రపంచమంతటా పరికరాలతో కొలిచిన ఉష్ణోగ్రతలు సుమారు నూట యాభై ఏళ్లవే. మోడల్‌ను సరిదిద్దేటప్పుడు శాస్త్రవేత్తల చేతిలో ఉండేవి ఎక్కువగా ఈ కాలం కొలతలే. ముందే చూసిన ప్రశ్నపత్రంలో వచ్చిన మార్కుల్ని బట్టి విద్యార్థిని అంచనా వేయలేం కదా. అందుకని మోడల్ ఎన్నడూ చూడని కాలాలకు దాన్ని తీసుకెళ్తారు. 21,000 ఏళ్ల క్రితం ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాల మీద పెద్ద మంచు పలకలుండేవి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు దాదాపు 190 ఉండేది. ఇప్పుడది 420 దాటింది. 6,000 ఏళ్ల క్రితం భూకక్ష్య తీరు వేరు, ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ ఎక్కువ, రుతుపవనాలూ బలంగా ఉండేవి. 1991లో మొదలైన పీఎంఐపీ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు ఇలాంటి కాలాలను వేర్వేరు దేశాల మోడళ్లతో ఒకే నియమాల కింద నడిపించి పోలుస్తుంది. మోడళ్లు తప్పిన చోట్లు ఉన్నాయి. 6,000 ఏళ్ల క్రితం సహారాలోకి వానలు ఎంత ఉత్తరానికి వెళ్లాయో చాలా మోడళ్లు తక్కువగా చూపిస్తాయి. సరస్సుల అడుగు మట్టి, పుప్పొడి చెప్పేది అంతకన్నా ఎక్కువ. దశాబ్దాలుగా ఆ లోటు పూర్తిగా పూడలేదు. మీ అమ్మాయి లాంటి వాళ్లకు పని ఉన్నది సరిగ్గా ఇలాంటి లోట్ల దగ్గరే.

పాత పద్ధతిలో రాయి విలువను ముందు వానగా మార్చి, ఆ తర్వాత మోడల్ వానతో పోల్చేవారు. మార్చడంలోనే తప్పు దొర్లితే నింద మోడల్ మీద పడేది. ఇప్పుడు కొన్ని మోడళ్లలో ఆక్సిజన్-18ను కూడా నీటితోపాటే నడిపిస్తున్నారు. అమెరికా వాళ్ల ఐసీఈఎస్ఎం, జర్మనీలో తయారైన ఎకామ్-విసో అలాంటివి. ఆ వాన నీరు మట్టిలో, రాతి పగుళ్లలో ఎలా కలిసి చుక్కగా దిగుతుందో లెక్కగట్టే చిన్న మోడళ్లు మరికొన్ని ఉన్నాయి. చివరికి రాయిలో ఉండాల్సిన విలువే మోడల్ నుంచి బయటికొస్తుంది. పోలిక నేరుగా మోడల్ చెప్పిన రాయికీ అసలు రాయికీ మధ్యే.

దీనివల్ల ఏం మారిందో ఒక ఉదాహరణ చెబుతాను, ఈ రంగం నాకు నచ్చడానికి ఇదే కారణం. చైనాలో నాన్‌జింగ్ దగ్గర హులు అనే గుహ ఉంది. అక్కడి స్టాలగ్మైట్ల ఆక్సిజన్ రికార్డు 2001లో వెలువడింది. గత హిమయుగంలో ఉన్నట్టుండి వచ్చిన మార్పులు గ్రీన్‌లాండ్ మంచులో కనిపించినట్టే ఈ రాళ్లలోనూ కనిపించాయి. తూర్పు ఆసియా రుతుపవనాలు అప్పుడు బలహీనపడ్డాయని చాలామంది అర్థం చేసుకున్నారు. 2011లో ఒక బృందం ఉత్తర అట్లాంటిక్‌లో సముద్రపు మంచు హఠాత్తుగా విస్తరించినట్టు ఆక్సిజన్-18 ఉన్న మోడల్‌లో పెట్టి చూసింది. చైనా వానలో ఆక్సిజన్ విలువ రాళ్లు చెప్పిన దిశలోనే మారింది. కానీ కారణం వేరుగా తేలింది. హిందూ మహాసముద్రం ఉత్తర భాగం చల్లబడి, భారత రుతుపవనాల వాన తగ్గింది. దారిలో వాన తక్కువ కురవడంతో బరువైన ఆక్సిజన్ ఎక్కువగా మిగిలిన ఆవిరి చైనాకు చేరింది. అంటే చైనా గుహలోని రాయి ఎక్కడో భారతదేశం వైపు కురిసిన వాన గురించి చెబుతోందన్నమాట. మోడల్‌కు పరీక్ష పెట్టాల్సిన రాయికి మోడలే అర్థం చెప్పింది. ఆ చర్చ ముగిసిపోలేదు, ఇప్పటికీ నడుస్తోంది.

ఓపిక ఎంత కావాలో చెప్పడానికి ఇంకొకటి. అమెరికాలోని నెవాడాలో డెవిల్స్ హోల్ అనే నీళ్లు నిండిన పగులు ఉంది. అక్కడి కాల్సైట్ ఇచ్చిన తేదీలు, భూకక్ష్య మార్పులే హిమయుగాలను నడిపిస్తాయన్న సిద్ధాంతంతో పొసగలేదు. భూమి ముందే వేడెక్కిందని ఆ రాయి చెప్పింది. ఆ చిక్కు 1980ల చివర్లో, 1990ల మొదట్లో పెద్ద వివాదమైంది. 2016లో పక్కనే ఉన్న మరో పగులు నుంచి తీసిన నమూనాలతో, పాత రాయిలోకి నీటి నుంచి అదనపు థోరియం చేరడం వల్ల వయసులు ఎక్కువగా వచ్చాయని చూపించారు. దాదాపు పాతికేళ్లు పట్టింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ రంగంలో రెండు రకాల వాళ్లు ఎక్కువ: రాయిని బాగా ఎరిగి మోడల్‌కు భయపడేవాళ్లు, మోడల్ నడిపి రాయిని గుడ్డిగా నమ్మేవాళ్లు. రెండూ ఎరిగినవాళ్లు తక్కువ. వాళ్లకే గిరాకీ. ఫిజిక్స్ విద్యార్థికి ద్రవాల గతిశాస్త్రం, వికిరణం, గణాంకాలు, కోడింగ్ అందుబాటులో ఉంటాయి. వీటిని పాతికేళ్లు దాటాక నేర్చుకోవడం చాలామందికి కష్టం. ఐసోటోప్ రసాయనం, సున్నపురాయి నేలల జలశాస్త్రం లాంటివి ఎమ్మెస్సీలోనో పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనో పట్టుకోవచ్చు. కాబట్టి ఎమ్మెస్సీ ఫిజిక్స్ గానీ, వాతావరణ శాస్త్రం గానీ తీసుకుని జియోకెమిస్ట్రీ పేపరు ఎక్కడ దొరికితే అక్కడ చదవమనండి. ల్యాబ్ పనే తనకు ప్రాణం అనిపిస్తే అప్పుడు జియాలజీకో జియోకెమిస్ట్రీకో మారడంలో తప్పులేదు. నేను వద్దనేది ఒక్కటే: పేరులో క్లైమేట్ ఉందని, సిలబస్‌లో గణితం లేని కోర్సులో చేరడం.

మారేముందు ఇంట్లో కూర్చునే ఒక పని చేయొచ్చు. సిసల్ అనే అంతర్జాతీయ బృందం ప్రపంచ గుహల ఐసోటోప్ కొలతలను ఒకచోట చేర్చి ఉచితంగా ఇస్తోంది. 2020 నాటి రెండో వెర్షన్‌లోనే 294 గుహల నుంచి 691 రికార్డులున్నాయి. ఒక గుహను ఎంచుకుని, పైథాన్‌లో గ్రాఫ్ గీసి, 6,000 ఏళ్ల క్రితానికీ గత వెయ్యేళ్లకూ సగటు తేడా కనుక్కోమనండి. తర్వాత ఆక్సిజన్-18 ఉన్న ఏదైనా మోడల్ ఫలితాల్లో అదే చోట ఆ తేడా ఎంతో చూడాలి. ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. రాయి విలువలు ఒక ప్రామాణికం (పోలికకు సున్నాగా తీసుకునే నమూనా) మీద, నీటి విలువలు ఇంకో ప్రామాణికం మీద ఇస్తారు. ఆ రెండు ప్రామాణికాల మధ్యే వెయ్యికి దాదాపు 30 వంతుల తేడా ఉంది, కాబట్టి మార్చకుండా నేరుగా పోల్చకూడదు. మార్చాక కూడా, డిగ్రీ వేడి పెరిగితే కాల్సైట్ విలువ వెయ్యికి సుమారు 0.2 వంతు తగ్గుతుందన్నది లెక్కలోకి తీసుకోవాలి. ఇక వయసులో దశాబ్దాల, ఒక్కోసారి శతాబ్దాల అనిశ్చితి ఉంటుంది కాబట్టి ఏడాదికి ఏడాది పోల్చకూడదు. ఒక్క రాయిని నమ్మి కూడా తీర్పు చెప్పకూడదు. మేఘాలయలోని మామ్లూ గుహ రాయిని ఆధారంగా తీసుకుని 4,200 ఏళ్ల క్రితం మొదలైన కాలానికి 2018లో మేఘాలయన్ అని అధికారికంగా పేరు పెట్టారు. అంతటి రాయి మీద కూడా శాస్త్రవేత్తల మధ్య చర్చ సాగుతూనే ఉంది. సెలవుల్లో ఈ పనంతా తన ఇష్టంతో పూర్తి చేసిందంటే, ఆ ఫలితాన్ని రెండు పేజీల్లో రాసి ఈ రంగంలో ఉన్న ఒక పరిశోధకుడికో పరిశోధకురాలికో పంపి వేసవి ప్రాజెక్టు అడగవచ్చు. ఆసక్తి ఉందని రాసే ఉత్తరాలు వాళ్లకు బోలెడు వస్తాయి, గ్రాఫ్‌తో వచ్చేవి కొన్నే.

ఉద్యోగం సంగతి. పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు, ఆ తర్వాత రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద పోస్ట్‌డాక్ ఉద్యోగాలు, ఒక్కోసారి రెండో మూడో. శాశ్వత పరిశోధక పోస్టులు అర్హుల కన్నా చాలా తక్కువ. ఇది దాచి చెప్పడం మీకు అన్యాయం. స్టైపెండ్ లేని పీహెచ్‌డీకి సొంత డబ్బు పెట్టి పంపొద్దు. అయితే నేర్చినది వృథా పోదు. మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చేయి తిరిగినవాళ్లు భూగర్భ జలాల పరీక్షల్లో, ఆహార కల్తీ పట్టే ల్యాబ్‌లలో, పరికరాల తయారీ సంస్థల్లో పనికొస్తారు. మోడళ్లు, గణాంకాలు వచ్చినవాళ్లకు వాతావరణ సేవలు, బీమా సంస్థల్లో ముప్పు అంచనా, డేటా ఉద్యోగాలు ఉన్నాయి. ఎమ్మెస్సీ అయ్యాక ఒకసారి, పీహెచ్‌డీ అయ్యాక ఒకసారి ఆగి, కొనసాగాలా పక్కకు మళ్లాలా అని కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోండి. పక్కకు మళ్లితే ఓడిపోయినట్టు కాదని ఇప్పుడే చెప్పి ఉంచండి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగమనండి: రాళ్లు ఎలా తెస్తారు? విరిగి పడి ఉన్నవి ఏరుకుంటామని, సన్నటి కోర్ (డ్రిల్‌తో తీసే కడ్డీ లాంటి ముక్క) మాత్రమే తీస్తామని, అనుమతి ఉన్నచోటే తీస్తామని చెప్పేవాళ్లు మంచివాళ్లు. వేల ఏళ్లు పెరిగిన స్టాలగ్మైట్‌ను విరగ్గొడితే అది మళ్లీ మన కాలంలో పెరగదు.

గుహల్లో ప్రమాదం ఉంది, అయితే పద్ధతి పాటిస్తే అదుపులో ఉంటుంది. ఒంటరిగా ఎవరూ దిగరు. హెల్మెట్, ఒక్కొక్కరికి ఒకటికి మించి లైట్లు, కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు తప్పనిసరి. గబ్బిలాల రెట్టలున్నచోట ఊపిరితిత్తులకు సోకే శిలీంధ్ర వ్యాధి రావొచ్చు, అందుకు మాస్క్ కావాలి. వాన సూచన ఉంటే దిగడం మానేస్తారు, నీళ్లు క్షణాల్లో నిండే గుహలున్నాయి. ఎప్పటికి బయటికొస్తారో తెలిసిన మనిషి ఒకరు పైన ఉంటారు. చేరబోయే బృందానికి ఇవన్నీ రాతపూర్వకంగా ఉన్నాయా అని తల్లిగా మీరే అడగవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు. మోడళ్ల వైపు వెళ్తే గుహలోకి ఏడాదికి ఒకసారి కూడా దిగనక్కర్లేకపోవచ్చు. అయినా ఒక్కసారైనా దిగమంటాను. చుక్క ఎంత నెమ్మదిగా పడుతుందో, పక్కపక్కనే ఉన్న రెండు చుక్కల వేగం ఎంత వేరుగా ఉంటుందో కళ్లారా చూసినవాళ్లు ఒక్క రాయి విలువను చూసి తొందరపడి మోడల్‌ను తప్పు పట్టరు.