యెల్లోస్టోన్ సరస్సులో గాలి లేవకముందే ఒడ్డుకు రా

చిరంజీవి కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు. జూన్ నెలాఖరుకి స్నేహితుడితో కలిసి 14 అడుగుల మోటారు పడవలో చేపలు పట్టడానికి అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కు సరస్సుకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నదిలో నిలబడి ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన ఎర) విసరడం నీకు బాగా వచ్చు. కానీ ఈ సరస్సు 2,357 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్ల మీద మంచు విడిపోయి అప్పటికి ఎన్నో రోజులు కాదు. మధ్యాహ్నమయ్యేసరికి నైరుతి గాలి లేచి, చూస్తుండగానే మూడు నుంచి ఐదు అడుగుల అలలు పుడతాయి. అందుకే ముందు గాలి సంగతి రాస్తాను, చేప సంగతి తర్వాత.

తెల్లారగానే నీళ్లలో ఉండు, పదకొండింటికల్లా ఒడ్డున ఉండు. బ్రిడ్జ్ బే అనే రేవులో పడవ దించాక ముందు దక్షిణానికి, అంటే గాలి వచ్చే వైపుకి వెళ్లు. అలా చేస్తే తిరుగు ప్రయాణంలో గాలి నీకు ఎదురు నిలవదు. పెట్రోలు మూడు వంతులు చేసుకో: ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకూడదు.

పడమటి ఒడ్డు దగ్గర ఒక మోసం ఉంది, అది బాగా గుర్తుపెట్టుకో. నైరుతి గాలికి ఆ ఒడ్డునున్న చెట్లు అడ్డం కాబట్టి అక్కడ నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి. గాలి మాత్రం పడవను ఒడ్డు నుంచి సరస్సు లోపలికి నెడుతూనే ఉంటుంది. నువ్వు ఫ్లై మీద చూపు పెట్టి కూర్చుంటే, తలెత్తేసరికి అలల మధ్య ఉంటావు. ఒడ్డున ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకుని అయిదు నిమిషాలకోసారి చూడు. దూరాన నీటి మీద నల్లటి గీత కదిలి వస్తున్నా, అక్కడక్కడా తెల్ల నురగలు లేస్తున్నా, ఇంకొక్క విసురు అనుకోకుండా దారం చుట్టెయ్.

లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. ఆ చలి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. నోరు నీటి పైన ఉంచి, ఊపిరి నెమ్మదించేదాకా కదలకు. తర్వాత చేతులు చెప్పినట్టు వినేది పది నిమిషాలే. ఈలోగా బోల్తాపడ్డ పడవ మీదికి ఎంత ఎక్కగలిగితే అంత ఎక్కు. ఒడ్డు దగ్గరే కదా అని ఈదవద్దు. మోటారు ఆపే తాడు మణికట్టుకి కట్టుకో, లేకపోతే నువ్వు పడ్డాక పడవ నిన్ను వదిలేసి పోతుంది.

లంగరు ఎప్పుడూ పడవ ముక్కు నుంచే వెయ్యాలి. వెనక నుంచి వేస్తే, మోటారు బరువుతో అసలే కిందికి ఉన్న ఆ భాగం అల వచ్చినప్పుడు లేవలేదు, నీళ్లు లోపలికి దూకుతాయి. గాలిలో తాడు లోతుకి ఏడు రెట్లు వదలాలి: 10 అడుగుల లోతుకి 70 అడుగులు. తక్కువైతే లంగరు పట్టదు. ఇరుక్కుంటే కోయడానికి కత్తి చేతికందేలా ఉంచు. అలలు పెరిగితే ఇద్దరూ పడవ మధ్యలో కింద కూర్చోండి, వేగం తగ్గించండి, అలను ముక్కుతో ఏటవాలుగా తీసుకోండి. పక్క చూపిస్తే బోల్తాయే. మోటారు ఆగిపోతే ముక్కుకి తాడుతో బకెట్ కట్టి నీళ్లలో వదిలితే పడవ గాలికి ఎదురు తిరిగి నిలుస్తుంది.

ఇక చేప. కట్‌త్రోట్‌లు, అంటే ఆ సరస్సు సొంత ట్రౌట్ చేపలు, ఆ రోజుల్లో ఒడ్డు వెంబడే మేస్తూ తిరుగుతాయి, కాబట్టి సరస్సు మధ్యకి పోవలసిన పనే లేదు. తొమ్మిదడుగుల 6 నంబరు రాడ్, తేలే లైను, 8 లేదా 10 సైజు ఊలీ బగ్గర్ (నీళ్లలో మునిగే ఒక రకం ఫ్లై) చాలు. లోతు మారే అంచు దగ్గర వేసి, మునగనిచ్చి, ఆగి ఆగి లాగు. గాలిలో లీడర్‌ని (లైను చివర ఫ్లై కట్టే సన్న దారాన్ని) ఏడున్నర అడుగులకి కుదించి, లూప్ (విసిరినప్పుడు లైను తిరిగే వంపు) ఇరుకుగా, నీటికి దగ్గరగా విసురు. బలం ఎక్కువ పెట్టినకొద్దీ దారంలో ముడులు పడతాయి. ఒక్క ముడికి దారం బలం సగం దాకా పోవచ్చు, అందుకని తరచూ వేళ్లతో తడిమి చూడు. గాలి కుడి నుంచి వస్తే ఫ్లై నీ చెవిలోనే దిగుతుంది, అప్పుడు రాడ్‌ని ఎడమ భుజం మీదుగా వంచి విసరాలి. ఇద్దరూ కూర్చునే విసరండి, ఒకరి తర్వాత ఒకరు. కళ్లద్దాలు, టోపీ తీయవద్దు. ఎదురు ముల్లు లేని గేలాలే అక్కడ ఒప్పుకుంటారు, సీసం బరువులు పనికిరావు. ఫిషింగ్ పర్మిట్, పడవ పర్మిట్ రెండూ ముందే తీసుకో.

దవడ కింద ఎర్రటి గీత, ఒంటి మీద నల్ల చుక్కలు ఉంటే కట్‌త్రోట్, తడి చేత్తో పట్టి వదిలెయ్. ముదురు ఒంటి మీద లేత చుక్కలు, చీలిన తోక ఉంటే లేక్ ట్రౌట్. 1994లో ఆ సరస్సులో బయటపడ్డ ఈ చేప కట్‌త్రోట్‌లను తినేస్తోంది. దాన్ని చంపి తీరాలన్నది అక్కడి నిబంధన, జాలిపడి వదలకు.

ఏ ఒడ్డుకి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఎవరికైనా చెప్పే బయల్దేరు. పొడిబట్టలు నీళ్లు చొరని సంచిలో పెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య