వాతర్, వితేనస్: రెండూ ఒకే నామవాచకం

ఇప్పటి టర్కీ ప్రాంతంలో ఒకప్పుడు మాట్లాడిన హిత్తైట్ భాషలో నీళ్లు 'వాతర్' అయితే 'నీళ్ల యొక్క' అనేచోట 'వితేనస్' ఎందుకు వచ్చింది, ఇది వేరే మాటా అని అడిగారు. కాదండీ, ఒకటే మాట. టెన్షన్ పడకండి, మీ పాఠంలో అచ్చుతప్పేమీ లేదు.

ఇది నపుంసకలింగం. ఏకవచనంలో ప్రథమ, ద్వితీయలకు మాత్రమే చివర 'ర్' ఉంటుంది. మిగతా విభక్తులన్నీ 'న్' మీద కడతారు: షష్ఠికి వితేనస్, సప్తమికి వితేని. 'ర్' ధ్వని 'న్'గా మారిందనుకోకండి. ఈ 'ర్', 'న్' జంట సంస్కృతం, గ్రీకు, హిత్తైట్‌లకు తల్లిభాషైన మూల ఇండో-యూరోపియన్ నాటి నుంచే ఉంది. మొదటి అచ్చులో తేడా ('వా', 'వి') కూడా అప్పటిదే.

సంస్కృతంలో పగలుకున్న మాట చూడండి. అహర్నిశలులో 'అహర్', మధ్యాహ్నంలో 'అహ్న'. అచ్చం ఇదే పద్ధతి! నీళ్ల మాటకైతే సంస్కృతంలో 'న్' ఉన్న ఉదన్, గ్రీకు ప్రథమలో 'ర్' ఉన్న హ్యుదోర్ మిగిలాయి. హిత్తైట్ రెండింటినీ ఒకే నామంలో దాచిపెట్టింది, అందుకే ఈ మాటంటే నాకు ప్రాణం. 1915లో చెక్ పండితుడు హ్రోజ్నీ హిత్తైట్ ఇండో-యూరోపియన్ కుటుంబానిదని గుర్తుపట్టడానికి దొరికిన ఆధారాల్లో 'వాతర్' ఒకటి.

నెత్తురు కూడా ఇంతే: ఎస్హర్, షష్ఠికి ఇస్హనస్. అయితే '-అర్' కనిపించిన ప్రతిచోటా ఇలా చేయకండి. చెయ్యి అనే అర్థమున్న 'కెస్సర్' షష్ఠిలోనూ 'ర్'ని వదలదు.