సుధకి, మావయ్య రాసేది

సుధా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, నువ్వు బెంజ్ సర్కిల్ దగ్గర 60 సీట్ల కోవర్కింగ్, అదే సీట్లు అద్దెకిచ్చే ఆఫీసు, పెడుతున్నావని చెప్పింది. ఉద్యోగం కూడా మానేశావటగా! మా అమ్మాయి ఓనరవుతోందని మీ అత్తకి రెండుసార్లు చెప్పాను. తర్వాత నిద్ర పట్టలేదు.

వైఫై, జనరేటర్, కాఫీ మెషీన్ సంగతి నాకంటే నీకే తెలుసు. నెట్ రెండు కంపెనీలది తీసుకో, చాలు.

నా భయమంతా డిపాజిట్ల గురించే.

2019లో మాదాపూర్‌లో నా కోవర్కింగ్ ఫ్లోర్ నిండిందని పై ఫ్లోర్ కూడా తీసుకున్నాను. తొమ్మిదేళ్ల లీజు, మూడేళ్ల లాకిన్, అంటే మూడేళ్లదాకా వదిలి వెళ్లడానికి లేదు. ఇంటీరియర్‌కి డబ్బు చాలక, సీట్లు తీసుకున్న మెంబర్లు ఇచ్చిన డిపాజిట్లు తీసి వాడేశాను. అందరూ ఒక్కసారే వెళ్లిపోతారా ఏంటి అనుకున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. అందరూ ఒక్కసారే వెళ్లిపోయారు.

లాక్‌డౌన్ సడలించాక ఒక్కొక్కరే వచ్చి యాక్సెస్ కార్డు టేబుల్ మీద పెట్టేవాళ్లు. బిస్కెట్ డబ్బా ఒకటి కార్డులతో నిండిపోయింది. రెండు సీట్లు తీసుకున్న కర్నూలు కుర్రాడు ఒకడు ఉండేవాడు. బైక్ వెనక మానిటర్‌ని దుప్పటితో చుట్టి కట్టుకుని, ఊరెళ్తూ ఆగాడు. అతనికి నేనివ్వాల్సింది 24,000. "వచ్చే నెల వేస్తాను బాబూ" అన్నాను. "సరే సార్, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు. తిట్టినా బాగుండేది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సోకు నా పై ఫ్లోర్‌లో గ్లాసు గోడలై మెరుస్తోంది అప్పుడు. ఆ డబ్బు వేయడానికి నాకు 14 నెలలు పట్టింది. వేశాక వాట్సాప్‌లో బొటనవేలు గుర్తొకటి పంపాడు.

అందుకని, డిపాజిట్లకి వేరే బ్యాంకు ఖాతా తెరువు. దాని కార్డు అక్క దగ్గర పెట్టు. నీ దగ్గర వద్దు. కోపం తెచ్చుకోకు, నీ చిన్నప్పుడు హుండీ పగలగొట్టి నెయిల్ పాలిష్ కొన్నది నువ్వే.

ఆ ఏడాది నన్ను బతికించింది సీట్లు కాదు. ఊళ్లకి వెళ్లినవాళ్లకి సీటు అక్కర్లేదు గానీ జీఎస్టీకి అడ్రసు కావాలి, ఉత్తరాలు తీసుకునే మనిషి కావాలి. వర్చువల్ ఆఫీసు అని నెలకి ఇంతని తీసుకున్నాను. ఖాళీ కుర్చీలు, మానిటర్లు ట్రాలీ ఆటోలో కూకట్‌పల్లి ఇళ్లకి అద్దెకి పంపాను. ఏడాది చివర్లో, పెద్ద ఆఫీసు వదిలేసిన కంపెనీలు మూడు నెలలకి పది సీట్లు ఇస్తారా అని అడగడం మొదలుపెట్టాయి. ఈవెంట్లకని ఉంచిన హాలుని క్యాబిన్లు చేసేశాను. వర్చువల్ ఆఫీసు నువ్వు మొదటి రోజు నుంచే పెట్టు. అయితే సబ్‌లీజుకి, అంటే నువ్వు మళ్లీ వేరేవాళ్లకి అద్దెకివ్వడానికి, ఓనరు ఒప్పుకున్నట్టు నీ లీజులో ఉండాలి, లేకపోతే అడ్రసు ఇవ్వలేవు.

లీజు అంటే గుర్తొచ్చింది. నా దాంట్లో ఫోర్స్ మెజూర్ క్లాజు, అదే అనుకోని విపత్తు వస్తే మినహాయింపు ఇచ్చేది, ఉంది, కానీ బిల్డింగ్ దెబ్బతింటేనే వర్తిస్తుంది. బిల్డింగ్‌కి ఏమైంది, నిక్షేపంలా ఉంది! ఖాళీ చేయకుండా లాక్‌డౌన్ పేరు చెప్పి అద్దె ఆపేయడం కుదరదని ఆ మేలోనే ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో చెప్పింది కూడా. చివరికి మా ఓనరు కాళ్లావేళ్లా పడి, కొంత కనీస అద్దె, ఆ పైన వచ్చినదాంట్లో వాటా అన్నట్టు మార్పించుకున్నాను. నువ్వు ఆ మాట ముందే అడుగు, బిల్డింగ్ ఖాళీగా ఉంది కాబట్టి వింటాడు. మనం ఏళ్లకి ఏళ్లు అద్దె కడతామని రాసిస్తాం, మెంబరు నెల నోటీసుతో వెళ్లిపోతాడు. వీవర్క్ అంతటి పెద్ద కోవర్కింగ్ కంపెనీ 2023లో అమెరికాలో దివాలా పిటిషన్ వేయడానికి ఈ తేడా ఒక పెద్ద కారణం.

ఎక్కువ భయపెట్టానా? ఏం లేదులే తల్లీ. లెక్కల్లో నువ్వు నాకంటే గట్టిదానివి.

లీజు డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపకు, నాకు అక్షరాలు ఆనవు. ప్రింటు తీసి ఉంచు. శనివారం శాతవాహనకి వస్తున్నాను. నేను చూసేదాకా సంతకం పెట్టకు.

మీ మావయ్య