ఆ తల్లి బిడ్డను బావిలో వేయదు

బిడ్డా,

నీ కథ రాత్రి చదివాను. నర్సంపేట బస్సులో ఆడవాళ్ళ ముచ్చట్లు బాగా వచ్చాయి. చివరి పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. పసిపిల్లను ఎక్కడ బావిలో పడేస్తానో అని కథంతా వణికిన తల్లి, ఆఖరికి నిజంగానే పడేసిందా? ఎట్లా రాయబుద్ధయింది నీకు?

ఆ తల్లికున్నది ఓసీడీ, వద్దన్నా అవే ఆలోచనలు వచ్చి వేధించే మనసు జబ్బు. అదంటే చేతులు కడుక్కోవడమే అన్నట్టు సగం కథ నడిపావు. అది ఒక రూపం మాత్రమే. గ్యాస్ బంద్ చేశానా, తాళం వేశానా అని హనుమకొండ చౌరస్తా దాకా వచ్చినవాళ్ళు మళ్ళీ ఇంటికి పోయి చూసుకుంటారు. కొందరికి గిన్నెలు, చెప్పులు వరసగా లేకపోతే ఊపిరాడదు. భద్రకాళి గుడిలో దండం పెడుతుంటే అమ్మవారి మీదే పాడుమాట మనసులోకి దూరి, లెంపలేసుకొని మంత్రం మళ్ళీ మొదటినుంచి చదివేవాళ్ళున్నారు. ఇంకొందరు బయటికి మామూలుగానే ఉంటారు, లోపల మాత్రం లెక్కపెట్టుకుంటూనో, జరిగినదాన్ని తిరగేసుకుంటూనో ఉంటారు. రూపం ఏదైనా లోపల జరిగేది ఒకటే: వద్దనుకున్న ఆలోచన వస్తుంది, భయం పుడుతుంది, ఆ భయం పోవడానికి ఏదో ఒకటి చేస్తారు, కాసేపు నెమ్మదిస్తుంది, ఆ నెమ్మది కోసమే మళ్ళీ మళ్ళీ అదే చేస్తారు.

మా చిన్నమ్మకు తొలికాన్పు తర్వాత కత్తిపీట కనబడితే చెమటలు పట్టేవి. దాన్ని గోనెసంచిలో చుట్టి అటకెక్కించి, పక్కింటామెతో కూరగాయలు కోయించుకునేది. రాత్రిళ్ళు తన చేతులను తనే కొంగుతో కట్టుకొని, పిల్లకు దూరంగా గోడవైపు తిరిగి పడుకునేది. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయి వేపమండలతో కొట్టించారు. ఆ పిల్ల మీద ఒక్క గీత పడలేదు, ఇప్పుడు కాజీపేటలో టీచరు. ఇట్లాంటి ఓసీడీ ఉన్నవాళ్ళు ఆ ఆలోచనలు చూసి హడలిపోతారు కాబట్టే వాళ్ళకు అంత నరకం. కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్ వేరు, అందులో లేని మాటలు వినబడతాయి, లేనివి నిజమని గట్టిగా నమ్ముతారు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. నువ్వు రెండూ కలిపేశావు.

చిన్నమ్మ కథ రాసి ఒక వారపత్రికకు పంపితే ఎడిటర్ తిప్పి పంపాడు. చివర్లో మెరుపు లేదట, ఆమె ఏదో ఒకటి చేసెయ్యాలట! నేను మార్చలేదు, ఆ కథ ఏళ్ళకేళ్ళు పెట్టెలోనే పడి ఉంది. ఈ కొసమెరుపు పిచ్చి కథల పోటీల పుణ్యమా అని ఇంకా వదల్లేదు. పరకాలలో ఒక బాలింత అర్ధరాత్రి పాలిస్తూ నీ కథ ఫోన్లో చదివిందనుకో, ఆమెకూ అదే ఆలోచన వస్తోందనుకో. ఇక మొగుడికి చెబుతుందా, డాక్టరుకు చెబుతుందా? నోరు కుట్టేసుకుంటుంది.

నీ కథలో నిజమైన సీను ఒకటుంది, నువ్వే గమనించలేదు. "నేనట్లా చెయ్యను కదా?" అని ఆమె అడిగిన ప్రతిసారీ భర్త "చెయ్యవులే" అంటాడు. అట్లా అడగడం కూడా చేతులు కడుక్కోవడం లాంటిదే, అతని జవాబు జబ్బుకు మేత. దానికి పేజీలు ఇవ్వు. ఆమెను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ డాక్టరుకు చూపించు. మందులున్నాయి. 1966లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త రాసిన దారిలో తయారైన ఈఆర్‌పీ అనే చికిత్స ఉంది, భయపెట్టేదానికి ఎదురుగా ఉంటూనే, ఆ భయం పోవడానికి చేసే పనిని ఆపుకోవడం నేర్పుతారు. అందులో పిల్ల పక్కన బొంతమీద ఆడుతుంటే తల్లి కత్తిపీట ముందు కూర్చొని బెండకాయలు కోస్తుంది, భయం వచ్చినా లేవదు, ఎవరినీ ఏమీ అడగదు. ఇంతకంటే టెన్షన్ పెట్టే ముగింపు ఏ ఎడిటర్ ఇవ్వగలడు?

పేరు, పత్రిక, పుస్తకం సంగతులు తర్వాత చూద్దాం. బావి తీసేసి, ఆ భర్త సీను తిరగరాసి ముందు నాకు పంపు. పోటీకి మాత్రం ఇప్పుడే పంపకు.

మీ అత్తమ్మ